మానకూడని గాయము



గాయము మానవలెనని కోరని వైద్యుడు లోకమున నుండడు. కొడవలి తెగినను, ముల్లు గ్రుచ్చుకొనినను, పుండు పూడి పైన క్రొత్తచర్మము కప్పుకొన్నదాక మనకు నెమ్మది యుండదు. అయితే, ఒక శస్త్రచికిత్సయందు వైద్యుడు చేసిన గాయము పూర్తిగా మానిపోయినచో రోగికి కీడు కలుగును. అది నీటికాసులను కంటిజబ్బునకు చేయు చికిత్స. ఆ గాయమును మాననీయకుండుటకై నూరేండ్లకు పైగా వైద్యులు పడిన పాట్లను గూర్చియు, ఆ కథలో మన తీరమునకును మన పాములకును గల సంబంధమును గూర్చియు ఈ పూట మీకు మనవి చేయదలచితిని.

ముందుగా మా యింటి సంగతి యొకటి చెప్పుదును. మాది నాగావళి యొడ్డున నొక పల్లె. మా పెదతండ్రిగారు వ్యవసాయమునందు గట్టిచేయి. ఆయనకు ఎడమకన్ను మసకబారి చాలకాలమైనను ఎవరితోడను చెప్పలేదు. నేనడిగినప్పుడు, "నొప్పి నేదు, ఏటీ నేదు; మరి ఆస్పత్రికెందుకురా?" అనిరి. గట్టుమీద నడచుచు ప్రక్కనున్న కాలువలో రెండుమారులు పడిన తరువాతగాని ఆయన పట్టణమునకు బయలుదేరలేదు. ఎడమకన్ను అప్పటికే పోయినది. కుడికంటికి శస్త్రచికిత్స జరిగెను. పది దినములు చూపు నిలకడగా నుండెను. వారమునకొకమారు వచ్చి చూపించుకొనవలెనని వైద్యుడు మరిమరి చెప్పి పంపెను. తోడుగా పోవలసినవాడను నేనే. వరికోతలు వచ్చినవి, కుప్పలు వేయవలె, నూర్పులు కావలె. "సంక్రాంతి వెళ్లనిమ్ము" అని ఆయన యనిరి, సరేయని నేనంటిని. సంక్రాంతి వెళ్లినపిదప పోయితిమి. వైద్యుడు కంటిని చూచి కొంతసేపు మాటాడలేదు. తాను చేసిన రంధ్రము మచ్చకట్టి పూడిపోయినదనియు, లోపల ఒత్తిడి మరల పెరిగినదనియు చెప్పెను. ఆ తరువాత మా పెదతండ్రిగారు తొమ్మిదేండ్లు జీవించిరి. అరుగుమీద కూర్చుండి అడుగుల చప్పుడునుబట్టి మనుష్యులను గుర్తుపట్టెడివారు. నన్నెన్నడును ఒక్కమాట అనలేదు. ఆ అనకపోవుటయే నన్ను ఈ జబ్బును గూర్చి చదువునట్లు చేసినది.

నీటికాసులనగా నేమి? కన్నొక చిన్న చెరువు వంటిది. చెరువులోనికి నీరు వచ్చుటకు దారియు, పోవుటకు తూమును ఉండును. మన ప్రాంతమున దానినే మదుమందుము. కంటి ముందుభాగమున నిర్మలమైన నీరు నిరంతరము ఊరుచు, నల్లగ్రుడ్డు అంచుననున్న సన్నని జల్లెడగుండ బయటికి పోవుచుండును. ఇది కన్నీరు కాదు, లోపలి నీరు. ఆ జల్లెడ పూడినచో నీరు నిలిచి ఒత్తిడి పెరుగును. చెరువైనచో గట్టు తెగును. కంటికి తెగు గట్టు లేదు గావున, ఒత్తిడియంతయు వెనుకనున్న దృష్టినరముపై పడి దానిని పోగుపోగుగా చంపును. మొదట ప్రక్కచూపు పోవును, ఎదుటిచూపు చివరివరకును నిలుచును. కావుననే రోగికి తెలియదు. కొందరికి కన్నెఱ్ఱబారి, తలబ్రద్దలగు నొప్పితో, వాంతులతో ఒక్కసారిగా వచ్చును. కాని నొప్పిలేని రకమే మోసకరమైనది. శుక్లము తీసినచో చూపు మరల వచ్చును. నీటికాసులవలన పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదానిని కాపాడుటయే వైద్యుడు చేయగలిగినది.

అందులకు ఉపాయము, మన రైతు చెప్పునదే: పాత తూము పూడినచో క్రొత్త తూము వేయవలెను. 1857లో బెర్లిను నగరమున ఫాన్ గ్రేఫె యను వైద్యుడు కంటిలోని రంగుపొరలో కొంతభాగమును కత్తిరించినచో నొప్పితో వచ్చు రకము శాంతించునని కనుగొనెను. నొప్పిలేని రకమునకు అది చాలలేదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సులో లగ్రాంజ్, బొంబాయిలో హెర్బర్ట్, గ్లాస్గోలో ఫెర్గస్ మున్నగువారు కంటి తెల్లగ్రుడ్డునకే దారి చేయుటకు పలువిధముల ప్రయత్నించిరి. ఆ ప్రయత్నములకు ఒక రూపమిచ్చి లోకమంతట వ్యాపింపజేసినవాడు మన చెన్నపట్టణమున నుండిన యొక వైద్యుడు.

ఆయన పేరు రాబర్ట్ హెన్రీ ఎలియట్. ఇండియన్ మెడికల్ సర్వీసునకు చెందినవాడు. 1819లో స్థాపింపబడి, ప్రపంచమునందలి పురాతన నేత్రవైద్యశాలలలో నొకటిగా పేరొందిన చెన్నపట్టణపు కంటి ఆస్పత్రికి ఆయన 1904 మొదలు పదియేండ్లకు దగ్గరగా అధిపతిగా నుండెను. ఆ కాలమున విజయనగరము విశాఖపట్టణము జిల్లాలోను, శ్రీకాకుళము గంజాము జిల్లాలోను చేరి, రెండును మదరాసు రాజధానిలోనివే.

1909లో ఎలియట్ చేసిన పని యిది. నల్లగ్రుడ్డునకును తెల్లగ్రుడ్డునకును నడిమి అంచున, పైఱెప్ప క్రింద, కంటిని కప్పియున్న పలుచని పొరను మెల్లగా లేవనెత్తెను. సన్నని గొట్టమువలెనుండి కొన గుండ్రముగా పదునుగల పరికరముతో గట్టి గోడలో సుమారు 2 మిల్లీమీటర్ల రంధ్రము చేసెను. పిమ్మట లేవనెత్తిన పొరను మరల కప్పెను. లోపలి నీరు ఆ రంధ్రము వెంట మెల్లగా ఊరి పొరక్రిందికి చేరి, అచ్చటినుండి ఇంకిపోవును. పైఱెప్ప ఎత్తిచూచినచో చిన్న నీటిబుడిపెవలె కానవచ్చును. ఆ బుడిపె యున్నంతకాలము కంటికి క్షేమము. ఎలియట్ ఈ పద్ధతిని గూర్చి 1913లో పెద్ద గ్రంథము ప్రకటించెను. తరువాత ఏండ్లకేండ్లు దేశదేశములయందు ఇది ఆయన పేరనే జరిగినది.

ఇక్కడ నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపిన విషయము చెప్పుదును. ఈ ఎలియటే అంతకుముందు పాముల విషమును శోధించెను. 1905లో నాగుపాము విషమును గూర్చి ఆయన వ్రాసిన దీర్ఘవ్యాసమును లండనునందలి రాయల్ సొసైటీవారు ప్రకటించిరి. ఇతరులతో గలసి కట్లపాము విషమును, సముద్రపు పాముల విషమును కూడ పరీక్షించెను. నాగువిషము ఊపిరిని బంధించుటయేగాక రక్తనాళములను బిగించుననియు, గుండెపై తిన్నగా పనిచేయుననియు ప్రయోగములతో చూపెను. ముసలితనమున గారడీలను, పాములవారి మహిమలను గూర్చిన అపోహలను ఖండించుచు ఒక పుస్తకమును వ్రాసెను. ఒకచేత నీటికాసుల చికిత్స, మఱియొకచేత పాము విషము పట్టిన ఈ మనుష్యునికి ఆ రెండును ఒకనాడు కలిసికొనవచ్చునని తోచియుండదు. విషమును ఆయన చంపునదిగానే చూచెను.

విషవిచారమునకు మన తీరమున ఇంకను పాతచరిత్ర కలదు. 1782లో పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు, కుంపిణీ కొలువులోనున్న తన సోదరునితో విశాఖపట్టణమునకు వచ్చెను. అంతకుముందు అలెప్పో నగరమున మహామారిని స్వయముగా చూచి చికిత్స చేసినవాడు. 1785లో కుంపిణీవారు ఆయనను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. 1789లో స్వదేశమునకు మరలువరకు ఆయన మన తీరపు పాములను పట్టించి, గీయించి, ఏది విషముగలదో ఏది కాదో కుక్కలపైనను కోళ్లపైనను పరీక్షించెను. ప్రతిపామును చంపదగినదేయని భయపడు జనులకు నిజముగా భయపడదగినవి కొన్నియేయని తెలియజెప్పుట ఆయన యుద్దేశము. 1796లో లండనున ఆయన గ్రంథము వెలువడెను.

ఆ గ్రంథమును తెరచిన తెలుగువానికి కన్ను చెమర్చును. ఏలయన, ఆ దొర మన జనులు చెప్పిన పేర్లనే పట్టుకొనెను. మనము రక్తపింజరి యను పామునకు ఆయన వ్రాసికొన్న పేరు "కాటుక రేకుల పొడ". కాటుక తీర్చిన రేకులవంటి పొడలు వీపున గలదనుట. ఆ మాటను చెప్పిన పల్లెవాని పేరు ఏ పుస్తకమునను లేదు. పామునకు మాత్రము లోకమంతట రస్సెల్ పేరే నిలిచినది. అట్లే బంగారు పట్టెల కట్లపామునకు ఆయన విన్న "బంగారు పాము" అను తెలుగుమాటనుండియే కట్లపాముల జాతికంతకు "బంగారస్" అను శాస్త్రనామము వచ్చినది.

పాము విషమే ఔషధమగునను మాట మన పెద్దలకు క్రొత్తది కాదు. మన రసవైద్యమునందలి సూచికాభరణరసమున కృష్ణసర్పవిషము చేరును. అయితే నేటి వైద్యము విషమును విషముగా వాడదు. దానిలోని పదార్థములను విడదీసి, ఏది యేమి చేయునో తెలిసికొని, పనికివచ్చు దానిని మాత్రము గ్రహించి, లేదా దానిని చూచి అట్టిదానిని తయారుచేసి వాడును. 1934లో ఇంగ్లండున మాక్‌ఫర్లేన్, బార్నెట్ అను వైద్యులు, మన రక్తపింజరి విషమును మిక్కిలి పలుచన చేసి, రక్తము గడ్డకట్టని రోగుల గాయములపై వాడి నెత్తురు నిలుపవచ్చునని తెలిపిరి. నేటికిని కొన్ని రక్తపరీక్షలలో ఆ విషము వాడబడుచున్నది. బ్రెజిలు దేశపు జరరాకా పాము విషమునందు 1965లో ఫెరేరా యను శాస్త్రజ్ఞుడు కనుగొన్న పదార్థమే, రక్తపు పోటునకు వాడు కాప్టోప్రిల్ అను మాత్రకు దారిచూపెను. ఆ మాత్ర 1981లో వాడుకలోనికి వచ్చెను. చిన్నపింజరి విషమునుండి 1988లో వేరుచేయబడిన యొక పదార్థమును చూచి తయారుచేసిన మందు, గుండెరోగులకు రక్తపుగడ్డలు కట్టకుండ 1998 మొదలు వాడబడుచున్నది. ఆ చిన్నపింజరి మన దేశపు పొడినేలలలో తిరుగు పామే.

ఇక మన గాయము దగ్గరకు వత్తము. ఎలియట్ రంధ్రమునకు ఇరుప్రక్కల అపాయముండెను. కొందరికి నీరు మితిమీరి పోయి కన్ను మెత్తబడెను. కొందరికి బుడిపెపై పొర పలుచబారి ఏండ్ల తరువాత చీము పట్టెను. మఱికొందరికి మచ్చకట్టి పూడిపోయెను. 1968లో ఇంగ్లండున కెయిర్న్స్ అను వైద్యుడు గోడలో సగము మందమున నొక చిన్న తలుపు చెక్కి, దాని క్రింద రంధ్రము చేసి, తలుపును కుట్టులతో అదుపున నుంచు పద్ధతిని తెలిపెను. అందువలన నీరు ఒక్కసారిగా పోవుట తగ్గినది. నేటి వైద్యులు ఎక్కువగా చేయునది ఇదియే. మచ్చ యను శత్రువు మాత్రము మిగిలియే యున్నది.

మచ్చ ఏల కట్టును? గాయమైన చోటికి శరీరము తన కూలీలను పంపును. అవి నారను నేయు జీవకణములు. గట్టు తెగినచోట ఊరివారు మట్టితట్టలతో పరుగెత్తినట్లు అవి పరుగెత్తి, నారపోగులతో గండి పూడ్చును. కాలికి గాయమైనప్పుడు ఇది మహోపకారము. కంటిలో మనము కావలెనని త్రవ్విన మదుమును కూడ అవి గండియనుకొని పూడ్చివేయును. వాని తప్పు లేదు. వానికి తెలిసిన పని అదియే. మొదటి కొన్ని వారములలో ఈ పని ముమ్మరముగా సాగును. అందువలననే వైద్యుడు వారమువారము రమ్మనును. అప్పుడు చూచినచో ఒక కుట్టు వదలించియో, చుక్కల మందు పెంచియో, చిన్న సూది వేసియో దారి నిలుపవచ్చును. మేము సంక్రాంతి వెళ్లనిచ్చిన ఆ వారములు అవియే.

ఆ కూలీలను కొంతకాలము ఆపుటకు వైద్యులు మందులు వెదకిరి. 1984లో అమెరికాలో, పుట్టకురుపుల చికిత్సకు వాడు ఫ్లోరోయురాసిల్ అను మందును కంటిపొర క్రింద ఎక్కించి చూచిరి. దాదాపు ఆ కాలముననే తైవాను వైద్యుడొకడు మైటోమైసిన్ అను మందును ఇందులకు వాడెను. ఈ మైటోమైసిన్ కూడ ఒకవిధమైన విషమే. 1950ల నాటి జపానున, నేలలోని సూక్ష్మజీవినుండి తీసినది. వైద్యుడు దీనిని చిన్న దూదిముక్కకు అద్ది, కోసిన చోట కొన్ని నిమిషములు మాత్రముంచి, నీటితో బాగుగా కడిగివేయును. అంతమాత్రముననే నారకణములు చాలకాలము తలయెత్తవు. వేలకొలది కన్నులను ఇది కాపాడినది. కాని ఇది మంచి కణములను చెడ్డకణములను ఏరదు. మోతాదు మీరినచో పొర పలుచబారి నీరు కారును, చీము పట్టును. పంటలోని కలుపును తీయుటకు పొలమునకే నిప్పుపెట్టినట్లు కాకుండ, కలుపును మాత్రము పెరుకు మందు కావలెనని వైద్యుల కోరిక.

ఇక్కడ పాము మరల కథలోనికి వచ్చుచున్నది. నారకణము కదలవలెనన్నను, నిలువవలెనన్నను, దాని యొడలిపైనున్న చిన్న కొక్కెములవంటివానితో చుట్టునున్న పోగులను పట్టుకొనవలెను. కల్లుగీతగాడు ముస్తాదు లేక చెట్టునెక్కలేనట్లు, కొక్కెము లేక ఆ కణము పనిచేయలేదు. పింజరిజాతి పాముల విషమునందు ఆ కొక్కెములలోనే సరిగా ఇమిడి, వానిని కట్టివేయు చిన్న పదార్థములు కలవు. కరవబడిన ప్రాణి రక్తము గడ్డకట్టకుండ చేయుటకు పాముకు అవి సాధనములు. నేను ముందు చెప్పిన గుండెమందు ఈ కొక్కెముల రహస్యమునుండి పుట్టినదే. రక్తకణముల కొక్కెమును ఆపినది, కంటిలో నారకణముల కొక్కెమును ఆపదా? గాయము పూర్తిగా చెడకుండ, మచ్చను మాత్రము నిలుపదా? ఇదియే పరిశోధకుల ప్రశ్న. ఆ ప్రశ్న అడుగదగినది.

అయితే ప్రశ్న వేరు, మందు వేరు. ఇది ఇంకను ప్రయోగశాలల మాట. నేడు కంటి ఆస్పత్రిలో నీటికాసుల రోగికి వాడునది పాము మందు కాదు. మచ్చను ప్రేరేపించు పదార్థమును అడ్డగించునట్టి యొక మందుపై ఎంతో ఆశ పెట్టుకొని పరీక్షింపగా, అది వట్టి మందునీటికంటె మేలు కాదని 2007లో తేలినది. ప్రయోగశాలలో గెలిచినవన్నియు రోగి కంటిలో గెలువవు. ఈలోపల వేరుదారులును పడినవి. మచ్చ వలన చికిత్స విఫలమైన కంటికి సన్నని గొట్టము నమర్చి నీటిని వెనుకకు పంపుదురు. అట్టి గొట్టమును మధురలోని ఔరోల్యాబ్ వారు 2013 మొదలు తక్కువ వెలకు అందించుచున్నారు.

పెద్దలారా, ఈ మాటలు విని ఎవరైనను పాముమందు కంటికి మంచిదట యని చెప్పుకొనిన నా ప్రసంగము కీడే చేసినదగును. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయుడు, నాకు సంతోషము. కాని విషమును గాని, ఆకుపసరును గాని, తేనెను గాని కంటిలో పోయకుడు. పాము కరచినచో కోతలు పెట్టక, కట్లు బిగింపక, మంత్రములకై కాలము పుచ్చక, విషమునకు విరుగుడు మందున్న ఆస్పత్రికి వెంటనే చేర్చుడు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకుల యంచనా. మరణములు హెచ్చుగానున్న రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశమును ఒకటి. రస్సెల్ దొర మన తీరమున పాములను లెక్కించి రెండువందలయేండ్లు దాటినను ఆ లెక్క ఇంకను ముగియలేదు.

కంటి సంగతి ఇంకొక్కటి. 1990ల చివర హైదరాబాదునందు జరిగిన పరీక్షలో, నొప్పిలేని నీటికాసులు గలవారిలో పదింట తొమ్మిదిమందికి పైగా తమకు ఆ జబ్బున్నట్లే తెలియదని తేలినది. పట్టణమున అట్లైనచో పల్లెలమాట చెప్పనేల? కావున నలువది యేండ్లు దాటినవారు, ముఖ్యముగా తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బున్నవారు, చూపు బాగుగా నున్నప్పుడే కంటి ఒత్తిడిని, నరమును పరీక్షింపజేసికొనుడు. చుక్కలమందు వేయుమన్నచో చూపు పెరుగలేదని మానకుడు. అది చూపును పెంచు మందు కాదు, నిలుపు మందు. శస్త్రచికిత్స జరిగినచో వైద్యుడు రమ్మన్న దినమున వెళ్లుడు. కుప్పలు నాలుగుదినములు ఆగును. మచ్చ ఆగదు.

మా పెదతండ్రిగారి మనుమరాలికి మొన్న ఒత్తిడి ఎక్కువగా నున్నట్లు తెలిసినది. చూపు ఇంకను చెడలేదు. మందు వేసికొనుచున్నది. ఆమెను ఆస్పత్రికి తీసికొనిపోవు బాధ్యత నాదేనని నేనే యడిగి పుచ్చుకొంటిని. ఈ మారు కోతలమధ్యనే బయలుదేరితిమి.